మోడల్ కిట్‌కి ప్రైమర్: ఏది కొనాలి, ఎలా కొట్టాలి

ప్లాస్టిక్ విమానం, ట్యాంకు లాంటి మోడల్ కిట్ అతికించడం అయిపోగానే రంగు వేసేయాలని చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. కానీ ప్రైమర్ (రంగుకి ముందు వేసే పునాది పూత) లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద అక్రిలిక్ రంగు కొడితే ఆ పూటకి బానే కనిపిస్తుంది, రెండో రంగు కోసం మాస్కింగ్ టేప్ వేసి తీసినప్పుడు మాత్రం కింది రంగు కూడా టేప్‌తో పాటు ఊడొచ్చేస్తుంది. రెండు వారాల పని ఒక్క లాగుడుతో పోతుంది.

పట్టు ఇవ్వడం ఒక్కటే ప్రైమర్ పని కాదు. నా దృష్టిలో అంతకంటే పెద్ద పని తప్పులు చూపించడం. 1/72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు సైజులో, మిగ్-21 యుద్ధవిమానం చేస్తున్నారనుకోండి, బాడీ రెండు సగాలు అతికించిన చోట పుట్టీ పెట్టి సాండ్‌పేపర్‌తో రుద్దాక అంతా సాఫీగానే అనిపిస్తుంది, ఎందుకంటే ప్లాస్టిక్ ఒక రంగు, పుట్టీ ఇంకో రంగు, జిగురు మరక మరో రంగు, వీటి మధ్య కంటికి అసలు గీత దొరకదు. బూడిద రంగు ప్రైమర్ ఒక్క పొర పడగానే అన్నీ ఒకే రంగులోకి వచ్చి సన్నని గాడి, సాండ్‌పేపర్ గీతలు, జిగురు వేలిముద్ర అన్నీ బయటపడతాయి. అక్కడ దిద్దుకోవడం తేలిక. పైన రంగు పడ్డాక చాలా కష్టం.

ఇక ఏది కొనాలి అంటే, ముందు రకం తేల్చుకోవాలి. ల్యాకర్ ప్రైమర్లు (టామియా ఫైన్ సర్ఫేస్ ప్రైమర్, మిస్టర్ సర్ఫేసర్ లాంటివి) ప్లాస్టిక్‌ని కొంచెం కొరికి పట్టుకుంటాయి, పలచగా పరుచుకుంటాయి, ఆరాక చక్కగా సాండ్ అవుతాయి. వాసన మాత్రం ఘాటు. నీళ్లతో కడుక్కోగలిగే అక్రిలిక్ ప్రైమర్లకి ఆ ఘాటు ఉండదు, చిన్న ఫ్లాట్‌లో పిల్లల మధ్య పని చేసుకునేవాళ్లకి అదే మంచిది. వాటిలో పాలీయురేథేన్ రకం అయితే కనీసం ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి, తొందరపడి రుద్దితే సాండ్ అవ్వకుండా పొరలా లేచిపోతుంది. బాల్కనీ, మంచి మాస్క్ రెండూ ఉన్నవాళ్లకి నేను ల్యాకరే చెప్తాను. మాస్క్ అంటే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్నది. గుడ్డ మాస్క్, ఎన్95 దుమ్మును ఆపుతాయి గానీ ఈ ఆవిరిని ఆపలేవు. గ్యాస్ పొయ్యికి, దేవుడి దగ్గర దీపానికి దూరంగా కూర్చోండి.

మిస్టర్ సర్ఫేసర్ సీసాల మీద 500, 1000, 1200, 1500 అని ఉంటుంది. సాండ్‌పేపర్ నంబర్ లాగే, నంబర్ పెరిగే కొద్దీ రేణువు సన్నం. 500 చిక్కగా ఉంటుంది, గీతలు, చిన్న సందులు పూడ్చడానికి బ్రష్‌తో పూసుకోవచ్చు. 1/72 విమానానికి సన్నని ప్యానెల్ గీతలు (బాడీ రేకుల అతుకులు చూపించే గాడులు) ఉంటాయి కాబట్టి 1500 తీసుకోండి. 1/35 ట్యాంకుకి 1000 చాలు. ఒక్క సీసాయే కొనగలిగితే 1500 గ్రే కొనండి.

రంగు ఎంపిక పైన వచ్చే రంగుని బట్టి. గ్రే దాదాపు అన్నిటికీ సరిపోతుంది. ఎరుపు, పసుపు, నారింజ లాంటి రంగులు గ్రే మీద మురికిగా పడతాయి, వాటికి తెలుపు గానీ టామియా పింక్ గానీ వాడండి. లోహపు మెరుపు కావాలంటే గ్లాసీ బ్లాక్, అంటే మెరిసే నలుపు. మన వాయుసేనలో మొదట్లో మిగ్-21లు రంగు లేకుండా వెండి మెరుపుతో ఉండేవి, ఆ లుక్ రావాలంటే కింద నల్లటి పొర అద్దంలా నున్నగా ఉండాలి, దాని మీద దుమ్ము రేణువు ఉన్నా పైన కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకులకి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేస్తే, అసలు ట్యాంకుకి కూడా కింద అదే ఉండేది కాబట్టి, రంగు చెదిరిన చోట్లు నిజమైన ట్యాంకులో లాగే కనిపిస్తాయి.

విదేశాల నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకుందామని అనుకోకండి. స్ప్రే డబ్బా అయినా ల్యాకర్ సీసా అయినా మండే సరుకు, విమానంలో లగేజీలో తేనివ్వరు.

ఒక హెచ్చరిక. హార్డ్‌వేర్ షాపులో దొరికే కార్ల ప్రైమర్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) తిన్నర్ చవక అని ఒకసారి నేను రెక్క మీద వాడాను, కొంచెం తడిగా పడేసరికి ప్యానెల్ గీతలు మెత్తబడి కరిగిపోయాయి. అప్పటి నుంచి కొత్త ప్రైమర్ ఏదైనా ముందు స్ప్రూ ముక్క మీద, అంటే భాగాలు కత్తిరించాక మిగిలే ఫ్రేమ్ మీద కొట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున గోటితో గీకి చూస్తాను. అది పాసైతేనే మోడల్ మీదకి.

వేసే ముందు గిన్నెల సోప్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో మోడల్‌ని మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. అచ్చు నుంచి ఊడటానికి ఫ్యాక్టరీలో పూసిన నూనె, మన వేళ్ల జిడ్డు రెండూ పోవాలి. ఆ తర్వాత గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. ఇంకా అతికించాల్సిన భాగాలుంటే జిగురు తగిలే చోట టేప్ వేయండి, ప్రైమర్ మీద ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే జిగురు) పట్టదు. కాక్‌పిట్ అద్దం ఫ్రేమ్‌కి అయితే అద్దాన్ని టేప్‌తో మూసి ముందు లోపలి రంగు, దాని మీద ప్రైమర్, చివర్న బయటి రంగు వేయండి, లోపలి నుంచి చూస్తే సరైన రంగు కనిపిస్తుంది.

ఎయిర్‌బ్రష్‌లో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పెన్ను లాంటి పరికరం) సర్ఫేసర్ ఒక వంతుకి లెవెలింగ్ తిన్నర్ (నిదానంగా ఆరి సమంగా పరుచుకోనిచ్చేది) ఒకటి నుంచి రెండు వంతులు, కప్పు గోడ మీద పాలలా జారేంత పలచగా కలపండి. 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, 0.3 మిల్లీమీటర్ల నాజిల్ బాగా నడుస్తాయి. డబ్బా అయితే ఒకటి రెండు నిమిషాలు బాగా ఊపి, ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి, మోడల్‌కి బయట నొక్కడం మొదలుపెట్టి మోడల్ దాటాక వదలండి. మోడల్ మీదే నొక్కి అక్కడే ఆపితే చుక్కలు పడతాయి. మొదటి పొర మంచు పడినట్టు పలచగా, కింద ప్లాస్టిక్ కనిపిస్తూ ఉండాలి. పది నిమిషాలాగి రెండోది కొంచెం తడిగా. ప్యానెల్ గీతలు నిండిపోయేదాకా కొట్టొద్దు, రంగు సమంగా కనిపించిన చోట ఆపేయండి.

వాతావరణాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. విశాఖలో వానాకాలం ల్యాకర్ కొడితే పైన తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది, తిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే గాలిలో తేమ దాని మీద చేరడం వల్ల. నిదానంగా ఆరే లెవెలింగ్ తిన్నర్ కొంత కాపాడుతుంది, వాన తెరిపిచ్చిన పొడి రోజు అయితే ఇంకా మంచిది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం దీనికి రివర్స్, చుక్క మోడల్‌ని చేరేలోపే గాల్లో ఆరిపోయి ఉపరితలం గరుకుగా వస్తుంది. ఎండాకాలం పొద్దున్నే పని కానిచ్చేయండి, దగ్గరగా కొట్టండి.

ల్యాకర్ అరగంటలో ముట్టుకోవచ్చు గానీ రాత్రంతా వదిలేయండి. పొద్దున బల్బుని పక్క నుంచి పెట్టి మోడల్‌ని తిప్పుతూ చూడండి, ఎక్కడ గీత కనిపిస్తే అక్కడ కొంచెం సర్ఫేసర్ 500 పూసి, ఆరాక 1000 నంబర్ నీటి సాండ్‌పేపర్‌తో తడిపి రుద్ది, ఆ చోట మాత్రమే మళ్లీ పలచగా ప్రైమర్ కొట్టండి. ఒక్కో అతుకుకి ఇది రెండు మూడు సార్లు పడుతుంది. బల్బు వెలుతురులో గీత కనిపించడం మానేశాక మొదటి రంగు కలుపుకోండి.