విక్టోరియా కిత్తనారను ఎలా పెంచాలి?

కిత్తనార అనగానే గట్ల మీద మనిషెత్తు మట్టలతో పెరిగే మొక్కే గుర్తొస్తుంది. దాని చుట్టాల్లోనే ఒకటి అడుగున్నర వెడల్పుకి మించకుండా, క్యాబేజీలా గుండ్రంగా ఉంటుంది. పేరు అగేవ్ విక్టోరియే రెజీనే. ముదురాకుపచ్చ మట్టల అంచుల్లో సున్నంతో గీసినట్టు తెల్లటి చారలు, కొసన నల్లటి ముల్లు. సొంతూరు ఈశాన్య మెక్సికోలోని నీళ్లు నిలవని సున్నపురాయి కొండలు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పని అయినట్టే.

మొదట మట్టి. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బేబీ చిప్స్ అనే సన్న కంకర ఒక పాలు కలపండి. ఎరువు గుప్పెడు చాలు. కుండీలో నింపి మగ్గెడు నీళ్లు పోయండి. కాసేపటికే అడుగు నుంచి కారిపోవాలి. పైన నిలిచాయా, ఇంకాస్త కంకర కలపండి.

నర్సరీలో కొన్నది కొబ్బరిపొట్టులో ఉంటే దాన్ని విదిలించి తీరాలి. నేను బద్ధకించి అలాగే కుండీలో దింపాను. రెండు ముసుర్లు పట్టేసరికి మట్టలు పసుపెక్కాయి, పట్టుకుని లాగితే మొక్క మొదలంటా చేతికొచ్చింది. లోపలంతా కుళ్లు కంపు.

నాటడానికి ఫిబ్రవరి మంచిది, వానలొచ్చేలోపు వేళ్లు పట్టేస్తాయి. తెగిన వేళ్లు ఆరడానికి మొక్కను నాలుగు రోజులు నీడలో పడేయండి. మొదలు మట్టిలో కూరుకుపోకుండా నాటి, మెడ చుట్టూ కంకర పరవండి. వారం దాకా నీళ్లొద్దు. నేలలో నాటేవాళ్లు అడుగెత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. నల్లరేగడైతే కుండీయే నయం.

నీడలో పెరిగిన మొక్కను ఒకేసారి ఎండలో పెడితే మట్టలు మాడతాయి. రెండు మూడు వారాలు పొద్దుటి ఎండకే అలవాటు చేయండి. ఎండాకాలంలో పది రోజులకోసారి, అదీ మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు. చలికాలంలో నెలకోసారి చాలు. వానాకాలం కుండీని చూరు కిందికి జరపండి.

మట్టల సందుల్లో పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే సరి.

పెరుగుదల మాత్రం మహా నెమ్మది. ఇరవై ముప్పై ఏళ్లకు ఒక్కసారే పది పదిహేను అడుగుల కాడ వేసి పూస్తుంది, ఆ పూత అయ్యాక మొక్క ఎండిపోతుంది. దీనికి పిలకలు కూడా అరుదే కాబట్టి విత్తనాలు రాలకముందే కోసి దాచుకోండి.

కుండీ మార్చేటప్పుడు మొక్కకు గోనెపట్టా చుట్టి పట్టుకోండి. పిల్లలు తిరిగే దారిలో పెట్టొద్దు, ఆ ముళ్లు సరిగ్గా వాళ్ల కళ్ల ఎత్తులో ఉంటాయి.