వైన్‌లో ఖనిజాలు, లోహాలు ఎంత ఉన్నాయో కొలవడం ఎలా?

ఫ్రిజ్‌లోంచి తీసిన వైన్ సీసా అడుగున సన్నటి పలుకులు మెరుస్తుంటే గాజు ముక్కలేమోనని కంగారు పడేవాళ్ళున్నారు. చాలాసార్లు అవి పొటాషియం బైటార్టరేట్ పలుకులు. ద్రాక్షలోని పొటాషియం, టార్టారిక్ ఆమ్లం కలిసి చల్లదనానికి గడ్డకట్టి అడుగున చేరతాయి. అందుకే, కొలవాలనుకున్న సీసాని ఫ్రిజ్‌లో పెట్టకండి. పెడితే పొటాషియంలో కొంత సీసా అడుగునే ఉండిపోతుంది, మీ లెక్క తగ్గుతుంది.

ముందు దేన్ని కొలుస్తున్నారో తేల్చుకోండి. లీటరు వైన్‌లో పొటాషియం సుమారు ఒక గ్రాము ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం ఒక్కోటి 100 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఇనుము కొన్ని మిల్లీగ్రాములు, రాగి సాధారణంగా ఒక మిల్లీగ్రాము లోపు. సీసం అయితే మైక్రోగ్రాముల్లోనే. బియ్యం తూచే కాటా మీద బంగారం తూచలేం కదా, ఇక్కడా అంతే. ఒక్క మెషీన్‌తో అన్నీ తేల్చేద్దామంటే కుదరదు.

గిన్నెలు కడగడం

అసలు పని ఇదే, మెషీన్ దగ్గర పని తర్వాత సంగతి. బీకర్లు, ఫ్లాస్కులు, పిపెట్లు అన్నీ 10 శాతం నైట్రిక్ ఆసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున డీఅయోనైజ్డ్ నీళ్ళతో (కరిగిన లవణాలు తీసేసిన నీళ్ళు) మూడు నాలుగుసార్లు కడగాలి. హైదరాబాద్ బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎంతుంటాయో ఇంట్లో గీజర్ కాయిల్‌కి పట్టిన తెల్లటి పొరే చెబుతుంది. నల్లా నీళ్ళు కూడా వద్దు. 20 లీటర్ల వాటర్ క్యాన్ తాగడానికే, దీనికి పనికిరాదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుంటామని కొందరంటారు. సీసం కొలవడానికి బ్యాటరీ షాపు నీళ్ళా!

ఒక వేసవిలో మా ల్యాబ్‌లో సోడియం రీడింగ్ గంటగంటకీ పెరుగుతూ పోయింది. స్టాండర్డ్ ద్రావణం (ఎంత సోడియం ఉందో ముందే తెలిసిన ద్రావణం) మార్చాం, మంట మార్చాం, లాభం లేదు. ఏసీ పనిచేయడం లేదు, మా కుర్రాడు పిపెట్ కొనని వేళ్ళతో పట్టుకుంటున్నాడు. మేం కొలిచిందంతా అతని చెమటలో ఉప్పు. అప్పటినుంచి గ్లవ్స్ లేకుండా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వను.

పొటాషియం: ఫ్లేమ్ ఫోటోమీటర్

పప్పు పొంగి గ్యాస్ మంట మీద పడితే మంట పసుపు రంగుకి తిరుగుతుంది. అది ఉప్పులోని సోడియం. పొటాషియం మంట లేత ఊదా రంగులో ఉంటుంది. ఆ కాంతి ఎంతుందో కొలిచేదే ఫ్లేమ్ ఫోటోమీటర్, చాలా డిగ్రీ కాలేజీల్లో ఉంటుంది.

ఒక మిల్లీలీటరు వైన్ తీసుకుని 200 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో గీత దాకా నీళ్ళు నింపండి. ఇంత పలచన చేశాక అందులోని ఆల్కహాల్ గురించి టెన్షన్ అక్కర్లేదు. లీటరుకు 2, 4, 6, 8 మిల్లీగ్రాముల పొటాషియం క్లోరైడ్ కాదు, అన్ని మిల్లీగ్రాముల పొటాషియం ఉండేలా స్టాండర్డ్‌లు చేసుకోండి. ఈ తేడా దగ్గర ఏటా సగం క్లాసు పొరబడుతుంది. గ్రాఫ్ గీసి చూస్తే మీ ద్రావణం 4.6 దగ్గర పడిందనుకోండి, 200తో గుణిస్తే లీటరు వైన్‌కు 920 మిల్లీగ్రాములు.

ఇనుము, రాగి: ఏఏఎస్ (మంటలోని లోహం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే మెషీన్)

ద్రాక్షతోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం ఉంటాయి. వైన్‌లోకి రాగి చేరే దారుల్లో అదొకటి, ఇత్తడి కుళాయిలు, పైపులు ఇంకొకటి. రాగి లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని ఓఐవీ అనే అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ పరిమితి పెట్టింది. ఇనుము మరీ ఎక్కువైతే వైన్ మసకబారుతుంది.

ఇవి తక్కువగా ఉంటాయి కనుక 200 రెట్లు పలచన చేస్తే ఏమీ మిగలదు. అలాగని వైన్‌ని నేరుగా పెట్టినా తప్పే. ఆల్కహాల్ ఉన్న ద్రావణాన్ని మెషీన్ నీళ్ళలా పీల్చుకోదు, మంటలోకి వెళ్ళే తుంపరే మారిపోతుంది. అందుకని 50 మిల్లీలీటర్ల వైన్‌ని వాటర్ బాత్ మీద, దగ్గర్లో ఏ మంటా లేకుండా, సగానికి ఇగరబెట్టి, చల్లారాక మళ్ళీ నీళ్ళతో 50కి తేవాలి. ఆల్కహాల్ పోకముందు గాఢ నైట్రిక్ ఆసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. ఆ రెండూ కలిస్తే పేలే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మూడు 25 మిల్లీలీటర్ల ఫ్లాస్కుల్లో పదేసి మిల్లీలీటర్లు ఈ వైన్ పోయండి. మొదటిదాంట్లో ఏమీ కలపొద్దు. రెండోదాంట్లో లీటరుకు 100 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న ద్రావణం 0.25 మిల్లీలీటరు, మూడోదాంట్లో 0.5 వేసి, మూడింటినీ గీత దాకా నింపండి. అంటే ఫ్లాస్కులోని ద్రావణానికి లీటరుకు వరుసగా 0, 1, 2 మిల్లీగ్రాముల ఇనుము కలిపినట్టు. ఇనుము పీల్చుకునే కాంతినిచ్చే దీపం పెట్టి, 248.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూస్తే, పీల్చుకున్న కాంతికి రీడింగ్‌లు 0.060, 0.110, 0.160 వచ్చాయనుకుందాం. ఒక్కో మిల్లీగ్రాముకు 0.050 పెరిగింది, అంటే మొదటి ఫ్లాస్కులో ఉన్నది లీటరుకు 1.2 మిల్లీగ్రాములు. పదిని 25 చేశాం కాబట్టి 2.5తో గుణిస్తే వైన్‌లో ఇనుము లీటరుకు 3 మిల్లీగ్రాములు. వైన్‌లోని చక్కెర, ఆమ్లాలు రీడింగ్‌ని కాస్త అటూ ఇటూ లాగినా మూడు ఫ్లాస్కుల్నీ ఒకేలా లాగుతాయి, ఈ పద్ధతిలో సుఖం అదే. వైన్ లేకుండా వట్టి నీళ్ళతో ఇదంతా చేసిన బ్లాంక్ ఒకటి పక్కన పెట్టుకోండి. రాగికి దీపం మార్చి 324.7 దగ్గర చూడాలి.

సీసం

ఇది ఇంటిపని కాదు, కాలేజీ పనీ కాదు. 2019 పంట నుంచి చేసిన వైన్‌కి ఓఐవీ పరిమితి లీటరుకు 0.10 మిల్లీగ్రాములు. ఆ స్థాయిలో నమ్మకంగా కొలవాలంటే ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ లోహాన్ని కూడా పట్టే ఖరీదైన మెషీన్) లాంటిది కావాలి. ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ని ఎంచుకుని, ఆ గుర్తింపు ఆహార, పానీయాల్లో సీసానికి కూడా వర్తిస్తుందా అని ముందే అడగండి. మూత తీయని సీసాలు రెండు, ఒకే బ్యాచ్ నంబరువి ఇవ్వండి. మీరే వేరే డబ్బాలో పోసి పట్టుకెళ్తే, వచ్చిన సీసం వైన్‌దో డబ్బాదో ల్యాబ్ వాళ్ళు కూడా చెప్పలేరు.