సీఎస్ఆర్ పని మొదలుపెట్టే ముందు ఊరిని అడగండి

కడప జిల్లాలో ఒక ఊళ్లో కంపెనీ సీఎస్ఆర్ కింద, అంటే లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టే బాధ్యత కింద, కట్టించిన మంచినీళ్ల ప్లాంటు ఏడాదికే మూతపడటం చూశాను. మిషన్ బాగానే ఉంది, కానీ కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఫిల్టర్లు ఎవరు మార్చాలి అని ముందు ఎవరూ మాట్లాడుకోలేదు. బిందెలు పట్టుకుని మళ్లీ పాత బోరు దగ్గరికే నడిచిన ఆడవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోయింది.

అందుకే మీరు ఏదైనా కంపెనీలో సీఎస్ఆర్ చూస్తుంటే, బడ్జెట్ ఖాయం కాకముందే ఊళ్లోకి వెళ్లండి. సర్పంచ్‌ను, సచివాలయం వాళ్లను కలవాల్సిందే, కానీ అక్కడితో ఆగొద్దు. రచ్చబండ దగ్గర మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే. పొదుపు సంఘం మీటింగు రోజున ఆడవాళ్లతో విడిగా కూర్చోండి, కాలనీకి మీరే నడిచి వెళ్లండి, కూలికి పోయేవాళ్లను పొద్దుగూకాక కలవండి. విత్తనం వేసే రోజుల్లో మీటింగు పెడితే ఎవరూ రారు, వాళ్లకు పట్టింపు లేదనుకోవద్దు.

'మీకేం కావాలి' అని అడిగితే పెద్ద చిట్టా వస్తుంది, తర్వాత అంతా ఇవ్వలేక మాట పోతుంది. 'పోయిన ఎండాకాలం దేనికి ఎక్కువ ఇబ్బంది పడ్డారు' అని అడగండి. ఎంత డబ్బు ఉందో కూడా దాచకుండా చెప్పండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి, తను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. రాజకీయ పార్టీలకు ఇచ్చేది, కేవలం సొంత ఉద్యోగుల కోసం పెట్టేది లెక్కలోకి రాదు. ఈ మాట మొదటి రోజే చెబితే తర్వాత మొహమాటం ఉండదు.

మార్చి దగ్గరపడిందని టెన్షన్‌తో ఏదో ఒకటి కట్టేయకండి. నిజంగానే ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టు అయితే మిగిలిన డబ్బును, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టే వీలు చట్టంలోనే ఉంది.

కట్టడానికి ముందే నిర్వహణ ఎవరిదో, నెలకు ఎంతవుతుందో కాగితం మీద రాసుకుని పంచాయతీ, సంఘం, కంపెనీ మూడూ సంతకాలు పెట్టండి. అయిన ఖర్చు తెలుగులో రాసి సచివాలయం గోడకు అంటించండి. పని అయిపోయాక ఆరు నెలలకు, ఫొటోగ్రాఫర్ లేకుండా, మళ్లీ ఆ ఊరికి వెళ్లి కొళాయి తిప్పి చూడండి.