బడిలో రిటైర్ అయ్యేవారికి సన్మానం ఎలా చేయాలి?

ముందు తేదీ తేల్చుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయుల పదవీ విరమణ వయసు 2022 జనవరి నుంచి 62 ఏళ్లు. 62 నిండిన నెల చివరి రోజు సాయంత్రం రిలీవ్ అవుతారు. 1వ తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల ఆఖరి రోజే దిగిపోతారు. ఒకప్పుడు బడిలో చేర్చుకునే అయ్యవారు పిల్లవాణ్ణి ఓసారి ఎగాదిగా చూసి పుట్టిన తేదీ జూలై 1 అని రాసేసుకునేవారు. జూన్ 30న అంతమంది ఒకేసారి రిటైర్ అవడానికి అదీ ఒక కారణమే.

జూన్ 30 అయితే బడులు తెరిచాక మీకు మిగిలేది రెండు వారాల పైచిలుకు. చందాలు, కానుక, పాత విద్యార్థులకు కబురు ఇవన్నీ ఏప్రిల్ సెలవులకు ముందే మొదలుపెట్టాలి. మే 31న దిగిపోయేవారికి బడి మూసేలోపే సభ పెట్టండి. పిల్లలు లేని బడిలో ఖాళీ బెంచీల ముందు టీచరమ్మకు శాలువా కప్పితే చూడటానికే దిగులుగా ఉంటుంది. నెల చివరి రోజు ఆదివారం పడితే ముందు పనిదినాన సభ జరపండి. కాగితాల మీద తేదీ మాత్రం మారదు.

సర్వీసు రిజిస్టరు తెరవండి

సన్మాన పత్రానికి కావలసిన వివరాలన్నీ అందులోనే ఉంటాయి: చేరిన తేదీ, పనిచేసిన ఊళ్లు, ప్రమోషన్లు. బదిలీల మీద తిరిగినవారైతే ఆ జాబితా చూసుకునే పాత బడులకు కబురు పంపాలి. లేకపోతే చివరి నాలుగేళ్లు కలిసి పనిచేసినవాళ్లే సభలో కనిపిస్తారు, నడివయసులో పదేళ్లు పాఠం చెప్పిన ఊరు నుంచి ఒక్కరూ ఉండరు.

అదే చేత్తో సంతకం పడని ఎంట్రీలు, నమోదు కాని సెలవులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆఫీసు వాళ్లతో వెంటనే సరిచేయించండి. పింఛను కాగితాలు, ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా) సొమ్ము, గరిష్ఠంగా 300 రోజుల వరకు వచ్చే ఆర్జిత సెలవుల డబ్బు, అన్నీ ఈ రిజిస్టరు మీదే నడుస్తాయి. దండ వేసి సాగనంపిన మనిషి మళ్లీ ఒక్క సంతకం కోసం అదే బడి వరండాలో నిలబడే పరిస్థితి రాకూడదు.

ఆ మనిషిని అడగండి

చాటుగా, ఒక్కరే వెళ్లి అడగాలి. పక్క కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి? దంపతులిద్దరికీ కలిపి సన్మానం చేయడం మన ఆనవాయితీ. కానీ భర్తో భార్యో లేనివారిని వేదిక మీద ఒంటరిగా కూర్చోబెట్టి పక్క కుర్చీ ఖాళీగా వదిలితే, మనం చేసిన మర్యాద అంతా అక్కడే పోతుంది. తోబుట్టువో, కూతురో, పాత సహోద్యోగో ఎవరు కావాలంటే వారే కూర్చోవచ్చు. బొట్టు పెట్టడం, దీపం వెలిగించడం, హారతి ఇవ్వడం వారికి ఇష్టమేనా అన్నదీ అడగండి. చిత్తూరు, మదనపల్లె బడుల్లో ముస్లిం ఉపాధ్యాయులు, ఉర్దూ పండితులు చాలామందే ఉంటారు. కుంకుమ భరిణె ముందుకు చాచాక తడబడే కన్నా ముందే తెలుసుకోవడం మేలు.

చందా

డబ్బు ఒకరి దగ్గరే ఉండాలి, లెక్క ఇంకొకరు రాయాలి. స్కూల్ అసిస్టెంటు టీచరుకూ స్వీపరుకూ ఒకే మొత్తం పెట్టకండి. 'ఎవరికి తోచింది వారు' అని కవరు తిప్పితే సరిపోతుంది. పిల్లల దగ్గర ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. బడి నిధుల జోలికి అసలే వెళ్లకూడదు.

సన్మాన పత్రం

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. 150 మాటలు దాటనివ్వకండి. నెమ్మదిగా చదివినా రెండు నిమిషాల్లో అయిపోవాలి. 'విద్యాదానకర్ణ', 'జ్ఞానభాస్కర' లాంటి బిరుదులు ఎవరికైనా అతుకుతాయి కాబట్టి ఎవరికీ అతకవు. ఆయన ఏ తరగతికి ఏం చెప్పారు, ఎన్నింటికి బడికి వచ్చేవారు, తోటలో ఏ చెట్టు నాటారు, ఫీజు కట్టలేని పిల్లవాడికి ఏం చేశారు, అవి రాయండి. పూర్వ విద్యార్థులు ముగ్గురిని ఫోన్లో అడిగితే ఇలాంటివి అరడజను దొరుకుతాయి.

డీటీపీ సెంటర్లలో చాలావరకు 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లే వాడతారు. మీరు ఫోన్లో టైప్ చేసి పంపింది యూనికోడ్, అది వేరే పద్ధతి. దాన్ని సరిగా మార్చకుండా అతికిస్తే ఒత్తులు ఊడిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. ఫ్రేము కట్టించే ముందు ప్రూఫు కాగితం మీద తీయించి, రాసినవారు కాక మరొకరు చదవాలి. ఇంటిపేరు, చేరిన సంవత్సరం, చదువు తాలూకు డిగ్రీలు మూడుసార్లు చూడండి. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ఫ్రేము గోడకు సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే బీరువా వెనక్కి పోతుంది.

కానుక

తిరుపతిలో రిటైర్ అయ్యేవారింట్లో శ్రీవారి పటాలు ఇప్పటికే అరడజను ఉంటాయి. ఏడోది మీరివ్వకండి. సంప్రదాయంగా బట్టలు పెట్టాలంటే వెంకటగిరి చీర, పంచె, కండువా, వాటితో తమలపాకులు, వక్కలు, పళ్లు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ చాలా బాగుంటుంది, కానీ చేత్తో గీసింది కావాలంటే కనీసం నెలన్నర ముందు చెప్పాలి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టడం, వెదురు కలంతో గీయడం, రంగు రంగుకూ ఉడికించి ఉతకడం, ఇంత పని ఉంటుంది. రెండు రోజుల్లో ఇస్తామంటే అది అచ్చు వేసిందే. చేతి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. అచ్చులో ఒకే బొమ్మ కొలత పెట్టినట్టు మళ్లీ మళ్లీ వస్తుంది. సహజ రంగులు ఎండకు వెలుస్తాయి, కిటికీ ఎదుట వేలాడదీయవద్దని ఇచ్చేటప్పుడే చెప్పండి.

దండలు ముందురోజు చెప్పి, ఆ రోజు మధ్యాహ్నం తెప్పించుకుని తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టాలి. ముహూర్తాల రోజైతే పూల ధర చుక్కలంటుతుంది, నాలుగు రోజుల ముందే అడ్వాన్సు ఇవ్వండి.

సభ

గంటన్నర చాలు. మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెట్టి నాలుగింటికి ముగించండి. గ్రూపు ఫొటో సభకు ముందే తీయాలి. తర్వాతైతే సగం మంది బస్సు కోసం వెళ్లిపోయి ఉంటారు.

2:30కి రాష్ట్ర గీతం. వెంటనే పిల్లలు ముగ్గురు. 2:45కి పూర్వ విద్యార్థులు ఇద్దరు, ఆ తర్వాత సహోద్యోగి, హెచ్‌ఎం, తలా మూడు నిమిషాలు. 3:05కి సన్మాన పత్రం చదవడం, శాలువా, దండ. 3:15కి రిటైర్ అయ్యేవారి మాట. వారి ఇరవై నిమిషాల్లోకి ఎవరూ చొరబడకూడదు. ముఖ్య అతిథి రాలేదని ఆగకండి. కుర్చీ వేసి ఉంచి సభ మొదలుపెట్టేయండి, వచ్చినప్పుడు వస్తారు. ఎండలో కూర్చున్న ఆరో తరగతి పిల్లలు ఆయన కోసం ముప్పావుగంట ఎదురుచూడాల్సిన పని లేదు.

శాలువాలే సమయం మింగేస్తాయి. కప్పడం, ఫొటోకు నిలబడటం కలిపి ఒక్కోదానికి నిమిషం. నలభై మంది తెస్తే నలభై నిమిషాలు. వేదిక మీద సిబ్బంది తరఫున ఒక్కటే కప్పి, మిగతావారికి రిటైర్ అయ్యేవారి ప్రసంగం అయ్యాక అవకాశం ఇవ్వండి. అప్పటికి పిల్లల్ని పంపేయవచ్చు. శాలువా బదులు బడి లైబ్రరీకి పుస్తకం తెమ్మని ఆహ్వానంలోనే రాస్తే సగం బాధ తప్పుతుంది.

కరెంటు పోతే మైకు ఆగుతుంది. బ్యాటరీ మీద నడిచే స్పీకరు ఒకటి పక్కన ఉంచండి. వంద మందికి తలా 200 మిల్లీలీటర్ల మజ్జిగ అంటే 20 లీటర్లు. మిక్చరు తలా 50 గ్రాముల చొప్పున 5 కిలోలు.

అటెండరు, ఆయా, వంటమ్మ

వీరి సభ చాలా బడుల్లో స్టాఫ్‌రూమ్‌లో పది నిమిషాల్లో ముగుస్తుంది. అదే వేదిక, అదే మైకు, అదే ఫ్రేము ఇవ్వండి. పత్రం కూడా రాయండి. తాళాల గుత్తి, వానాకాలం కారే గది, పరీక్షల కాగితాలు పదిలంగా దాచడం, వాటి గురించి రాయడానికి చాలా ఉంటుంది. ముప్పై ఏళ్లు గంట కొట్టిన అటెండరు చేత ఆ రోజు ఆఖరి గంట కొట్టించండి, పిల్లలంతా చూసేలా. మధ్యాహ్న భోజనం వండే అమ్మ మానేస్తుంటే ఆ రోజు వంట వేరేవాళ్లకు అప్పగించి, ఆమెను పిల్లల పంక్తిలో కూర్చోబెట్టి టీచర్లు వడ్డించాలి. ఆమెకు పింఛను ఉండదు కాబట్టి జ్ఞాపిక కన్నా డబ్బు కవరు మంచిది.

ఇంటిదాకా

మేళంతో సాగనంపాలంటే పల్లెలో ఊరి వీధి వరకు బాగానే ఉంటుంది. తిరుపతి రోడ్ల మీద ఊరేగింపు పెట్టాలంటే పోలీసులను ముందే అడగాలి. లేదంటే బడి గేటు వరకు చాలు. అక్కడి నుంచి కారులో దింపి రండి. కానుకలు ఎవరెవరు ఇచ్చారో ఒకరు నోటుబుక్కులో రాసి, సంచులతో పాటు ఆ బుక్కు కూడా ఇంట్లోవాళ్ల చేతికివ్వాలి. ఫొటోలు వారంలోగా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. బడి వాట్సాప్ గ్రూపులోంచి మాత్రం ఆ రాత్రే తీసేయకండి. ఎప్పుడు వెళ్లాలో వారే తేల్చుకుంటారు.