నెట్ రావట్లేదా? ముందు లైన్ తప్పో, వైఫై తప్పో తేల్చండి

నెట్ ఆగిపోతే మా బంధువుల్లో సగం మంది ఫైబర్ కనెక్షన్ ఇచ్చినతనికి కాకుండా నాకు ఫోన్ చేస్తారు. నేను అందరినీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "ఫైబర్ డబ్బా మీద ఏ లైటు వెలుగుతోంది?" ఇంటిదాకా వచ్చే లైన్ పోయిందా, ఇంట్లో వైఫై సతాయిస్తోందా అన్నది తేలకుండా ఏ బటన్ నొక్కినా దండగే.

సమస్య: వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, ఏదీ ఓపెన్ అవ్వట్లేదు

ఆ గీతలు చెప్పేది మీ ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య సంగతి మాత్రమే. అవతల లైన్ బతికుందో లేదో వాటికి తెలీదు. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుతురు డబ్బాదాకా రావట్లేదని అర్థం. లోపల ఉండేది గాజు కాబట్టి ఆ సన్నటి వైరు బీరువా వెనక నలిగిందా, తలుపు సందులో మడత పడిందా చూడండి. బాగుంటే తప్పు బయట వీధిలోనో స్తంభం మీదో ఉన్నట్టే, కంప్లెయింట్ ఇచ్చి ఊరుకోండి. వైరు ఊడదీసి కొసలోకి తొంగి మాత్రం చూడకండి, అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు, కన్ను పాడయ్యే ప్రమాదం ఉంది.

ఎర్ర లైటు లేదు, పీఓఎన్ లైటు (ఫైబర్ సిగ్నల్ అందుతోందని చెప్పేది) నిలకడగా ఉంది, అయినా నెట్ లేదంటే రీఛార్జ్ అయిపోయి ఉండాలి, లేదంటే పీపీపీఓఈ లాగిన్ (కనెక్షన్ ఇచ్చినతను రౌటర్‌లో పెట్టే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) పోయి ఉండాలి. లాగిన్ పోవడం ఎక్కువగా మన చేతి పుణ్యమే. స్విచ్ ఆపి ఓ నిమిషం ఆగి వేస్తే అది రీస్టార్ట్, సిమ్ పిన్నుతో వెనక చిన్న రంధ్రంలో పది సెకన్లు నొక్కితే అది రీసెట్, మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మా పిన్ని కొడుకు ఇలాగే "ఫ్రెష్‌గా ఉంటుందని" నొక్కేశాడు, ఆ యూజర్‌నేమ్ ఎక్కడా రాసిపెట్టుకోలేదు, రెండు రోజులు ఇంట్లో అందరూ వాడి మీదే పడ్డారు. అందుకే అన్నీ బాగున్న రోజే రౌటర్ సెట్టింగ్స్‌లో వ్యాన్ (WAN, బయటి లైన్ వివరాలుండే) పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, పాస్‌వర్డ్ అక్కడ చుక్కలుగా కనపడుతుంది కాబట్టి దాన్ని కనెక్షన్ ఇచ్చినతన్ని అడిగి రాసుకోండి.

సమస్య: హాల్లో పరుగు, బెడ్‌రూమ్‌లో నత్తనడక

టీవీ వెనక, ఇనప బీరువా మీద, ఫ్రిజ్ పక్కన, షూ స్టాండ్ లోపల. నేను చూసిన రౌటర్లలో చాలావరకు ఉండేది ఇక్కడే, వైరు ఎక్కడ ఇంట్లోకి వచ్చిందో అక్కడే వదిలేస్తారు కాబట్టి. ఇనుమూ అద్దాలూ సిగ్నల్‌ని ఆపేస్తాయి, సిమెంటు గోడ సగం మింగేస్తుంది. ఇంటి మధ్యలో, తల ఎత్తులో, బయటికి కనపడేలా పెట్టండి, అందానికి పనికిరాదు కానీ నెట్‌కి అదే మందు. రౌటర్ ఇచ్చే రెండు రకాల వైఫైల్లో 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటడం కష్టం, 2.4 దూరం పోతుంది కానీ నెమ్మది. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టుకుంటే ఏ గదిలో ఏది వాడాలో మీరే ఎంచుకోవచ్చు, 2.4 తప్ప తెలియని స్మార్ట్ బల్బులతో కుస్తీ కూడా తప్పుతుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే 2.4 ఛానల్‌ని 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి, మధ్య నంబర్లు పెడితే రెండు పక్కలవాళ్ళతోనూ గొడవే.

సమస్య: ప్లాన్ 200 ఎంబీపీఎస్, స్పీడ్ 95 దగ్గరే ఆగిపోతోంది

ఈ 95 అంకె కనపడితే వైఫైని తిట్టకండి. ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ మధ్య ఉన్న కేబుల్‌లో 8 తీగల్లో ఏదో ఒకటి తెగి ఉండొచ్చు, అప్పుడు రెండూ 100కి దిగిపోయి మాట్లాడుకుంటాయి. కేబుల్ మార్చండి, క్యాట్ 5ఈ (Cat 5e) అని రాసి ఉన్నది చాలు. మార్చినా అంతే అయితే రౌటర్ పోర్టే 100ది అయి ఉండొచ్చు, అదే అయితే ఇక కొత్త రౌటర్ కొనుక్కోవడమే.

సమస్య: రౌటర్ చూపించే కనెక్టెడ్ డివైసెస్‌లో తెలియని పేర్లు

వెంటనే పక్కింటివాళ్ళని అనుమానించకండి. మా మావయ్య వారం రోజులు ఎదురింటి కుర్రాడితో మాట్లాడటం మానేశాడు, తీరా చూస్తే ఎస్‌ప్రెసిఫ్ అని కనపడింది ఆయన వరండా బల్బే, అందులోని చిప్పు చేసిన కంపెనీ పేరు అది. ఇప్పటి ఫోన్లు కూడా అసలు మ్యాక్ అడ్రస్ (ప్రతి వస్తువుకీ ఉండే గుర్తింపు నంబరు) దాచి వేరేది చూపిస్తాయి. ఒక్కొక్క వస్తువూ ఆపుతూ లిస్టులోంచి ఏది పోతుందో చూడండి.

అన్నీ ఆపినా ఒకటి మిగిలితే పాస్‌వర్డ్ బయటికి పోయినట్టే. మనవాళ్ళు పెట్టేది ఎక్కువగా సెల్ నంబరే. 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెలంటే 400 కోట్ల నంబర్లు, వినడానికి చాలా పెద్దది, కానీ మీ ఫోన్ రౌటర్‌కి కనెక్ట్ అయ్యే క్షణాన్ని ఎవరైనా రికార్డ్ చేసుకుంటే మంచి గ్రాఫిక్స్ కార్డుకి అవన్నీ ప్రయత్నించడం గంటల్లో పని. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టండి, రోకలి, మేఘం, చింతపులుసు, సైకిల్ లాంటివి (ఇవే నాలుగు మాత్రం పెట్టకండి). రౌటర్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అయ్యే సౌకర్యం) ఆపేయండి, దాని 8 అంకెల పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. వైఫై పేరు దాచడం, మ్యాక్ ఫిల్టర్ (ఎంచుకున్న మ్యాక్ అడ్రస్‌లనే రానివ్వడం) లాంటివి మనకి పని పెంచడానికే, దొంగని ఆపడానికి కాదు.

సమస్య: బ్యాంకు సైట్ కొడితే ఇంకేదో వస్తోంది

వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. అందులో సరిగా వస్తే రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరుని దాని అసలు అడ్రస్‌గా మార్చేది) ఎవరో మార్చారేమో అనుమానించాల్సిందే, అడ్మిన్ పాస్‌వర్డ్ (రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళడానికి అడిగేది) ఇంకా అడ్మిన్ అనే ఉంటే మరీనూ. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది ఫ్యాక్టరీలో పెట్టిన 60 పైచిలుకు పేరు-పాస్‌వర్డ్ జంటలు వరసగా ప్రయత్నించే. ఇక్కడ మాత్రం ఆ సిమ్ పిన్ను తీసి రీసెట్ కొట్టాల్సిందే. లాగిన్ వివరాలు దగ్గర పెట్టుకుని రీసెట్ చేసి, 192.168.1.1 లేదా వెనక స్టిక్కర్ మీదున్న అడ్రస్‌కి వెళ్ళి ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత ఫర్మ్‌వేర్ (రౌటర్ సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి సెట్టింగ్స్ మార్చే వీలు) ఆపండి. ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ వైఫైది కాదు, వేరేది. కాగితం మీద రాసి డబ్బా అడుగున అంటించినా నాకు అభ్యంతరం లేదు, అక్కడిదాకా వచ్చిన దొంగ ఎలాగూ టీవీ పట్టుకుపోతాడు.

పండక్కి వచ్చే చుట్టాలకి గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి దాని పాస్‌వర్డే చెప్పండి, వాళ్ళు బండెక్కగానే ఆపేయొచ్చు.