పత్తి విత్తనం కాపాడుకోవడం – 3వ పాఠం: మొగ్గ కట్టడం

కిందటి పాఠంలో మన చేనుకి నాలుగు వైపులా బీటీ పత్తి (పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన పత్తి) ఎంత దూరంలో ఉందో కొలిచి రాసుకున్నాం. దాని పుప్పొడి మన పువ్వుల్లో పడితే మన విత్తనం కలుషితమవుతుంది. గుంటూరు నల్లరేగళ్ళలో ఆ లెక్క చూస్తే ఎవరికైనా దిగులే. రైతులకి అమ్మే సర్టిఫైడ్ విత్తనానికి 30 మీటర్లు, దాన్ని పండించడానికి వాడే ఫౌండేషన్ విత్తనానికి 50 మీటర్ల ఎడం ఉండాలన్నది నిబంధన. నలుచదరంగా ఉన్న రెండెకరాల్లో చుట్టూ 30 మీటర్లు వదిలేస్తే నడుమ మిగిలేది 22 సెంట్లు.

పోనీ, చుట్టూ జొన్న దడి వేద్దామా? మొక్కజొన్న పుప్పొడి గాలికి పోతుంది కాబట్టి అక్కడ దడి పనిచేస్తుంది. పత్తి పుప్పొడి బరువు, జిగట. అది తేనెటీగ ఒంటికి అంటుకుని వస్తుంది, తేనెటీగకి దడి ఒక లెక్క కాదు. ఇరవై రోజులు ముందో వెనకో విత్తినా లాభం తక్కువే, పత్తి పూత నెలల తరబడి సాగుతుంది. అందుకే మేలైన కాపలా పువ్వు దగ్గరే పెట్టాలి. మొగ్గగా ఉన్నప్పుడే దారంతో కట్టేస్తే పువ్వు విచ్చుకోదు, తేనెటీగ లోపలికి దూరలేదు. పత్తిపువ్వు తన పుప్పొడితో తానే గింజ కట్టగలదు.

యాగంటి లాంటి దేశీ పత్తి వేసినవాళ్ళకి ఇంత శ్రమ అక్కర్లేదు. దేశీ పత్తికి క్రోమోజోములు 26, బీటీ హైబ్రిడ్లకి 52. పుప్పొడి పడినా ఆ సంకరం నిలిచి సంతతి ఇవ్వడం చాలా అరుదు. బీటీ హైబ్రిడ్లలాగే 52 క్రోమోజోములున్న నరసింహ లాంటి అమెరికన్ రకాలకే ఈ పాఠం.

ముందు మొక్కల ఎంపిక. చేను నడిమధ్య నుంచి, రకం లక్షణాలు స్పష్టంగా ఉన్న 40 మొక్కలు చూసుకోండి. వీటికి దారం కట్టేముందే, ఆకులో బీటీ ఉందో లేదో చూపే చిన్న పట్టీతో స్ట్రిప్ పరీక్ష చెయ్యాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. మొక్కలోనే బీటీ జన్యువు ఉంటే, మొగ్గ కట్టి దాన్ని మనమే భద్రంగా దాచిపెట్టినట్టవుతుంది. కొస లేతాకు గోరంత తుంచి, గొట్టంలో కిట్‌తో వచ్చిన ద్రావణం పోసి నలిపి, స్ట్రిప్ ముంచండి. కంట్రోల్ గీత (స్ట్రిప్ పనిచేసిందని చెప్పేది) ఒక్కటే వస్తే బీటీ లేదు. దానితోపాటు ఇంకో గీత కూడా వస్తే ఉంది. అసలు గీతే రాకపోతే స్ట్రిప్ పాడైంది, మళ్ళీ చెయ్యాలి. స్ట్రిప్ కొనేటప్పుడు క్రై1ఏసీ, క్రై2ఏబీ అనే రెండు బీటీ రకాలనూ పట్టేది అడగండి. ఈ రెండూ ఉన్న బీజీ-2 (బోల్‌గార్డ్-2) బీటీ హైబ్రిడ్ పుప్పొడిలో ఈ రెండు జన్యువులూ విడివిడిగా పంచుకుపోతాయి, కొన్ని గింజలకి రెండోది మాత్రమే చేరుతుంది. మొదటిది ఒక్కటే చూసే స్ట్రిప్‌కి అవి చిక్కవు.

కట్టడం సాయంత్రం 3 నుంచి 6 లోపు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ ఆ వేళకి ఒక్కసారిగా సాగుతుంది. లేత మీగడరంగు రేకులు చుట్టచుట్టుకుని, పచ్చటి రక్షక పత్రాల పైకి ముక్కులా పొడుచుకొస్తాయి. ఆ ముక్కు కనిపించాలి. రేకులు ఇంకా పత్రాల్లోనే ఉంటే ఆ మొగ్గకి రేపు కట్టొచ్చు.

జానెడు ఎర్ర నూలుదారం తీసుకుని ఒక కొస రేకుల ముక్కుకి, చివరి నుంచి అర సెంటీమీటరు కింద రెండు చుట్లు చుట్టి ముడెయ్యండి. రెండో కొస మొగ్గ కాడకి వదులుగా కట్టండి. ఈ రెండో ముడి గుర్తు కోసం. రెండు మూడు రోజుల్లో రేకులు వాడి, పై ముడితో సహా కాయ నుంచి ఊడిపోతాయి. కాడకి ముడి లేకపోతే కోతప్పుడు ఏ కాయ మనదో తెలియదు. కాడకి బిగించి కడితే మాత్రం పిందె రాలుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

మర్నాడు 9 గంటలకి ఒకసారి తిరగండి. ముడి జారి విచ్చుకున్న పువ్వు కనిపిస్తే కాడ దారం తెంపేయాలి, జాలిపడొద్దు. దారం లేకుండానే ముడుచుకుని కనిపించేవి గుడ్డిపూలు, లోపల గులాబీరంగు పురుగు ఉంటుంది. వాటిని తుంచి చేను బయట కాల్చేయండి.

మొక్కకి ఐదు చొప్పున 200 మొగ్గలు కడదాం. సగం రాలాయనుకున్నా 100 కాయలు, కాయకి 25 గింజల లెక్కన 2,500 గింజలు. 90 × 45 సెంటీమీటర్ల ఎడంతో పాదుకి రెండు గింజలు వేస్తే 12 సెంట్లకి సరిపోతాయి. వచ్చే ఏడాదికి మీ తల్లిమడి, అంటే విత్తనం కోసమే పెంచే మడి, అదే. పూత చివర్లో కట్టకండి, అప్పటి కాయల్లో గింజ తాలు పోతుంది, పురుగూ ఎక్కువ.

ఎర్రదారం కాయలు ముందు, విడిగా, గుడ్డసంచిలోకి తియ్యండి. మిగతా పత్తి తీత ఆ తర్వాతే. ఈ సంచిని జిన్నింగ్ మిల్లుకి పంపకండి. చేత్తో గింజ తీయడం, 300 గింజల పరీక్ష వచ్చే పాఠంలో. ఈలోగా నలభై మొక్కలకీ కర్ర పాతి, నంబరు వేసి, ఏ రోజు ఎన్ని మొగ్గలు కట్టారో, ఎన్ని నిలిచాయో పుస్తకంలో రాసి ఉంచండి.