ఎర్ర డబ్బా చెక్కిందా, అచ్చు పోసిందా?
చైనా చక్రవర్తుల ఆస్థానపు చెక్కుడు పని అంటూ ఎవరైనా ఎర్ర డబ్బా చూపిస్తే, నేను ముందు దాని మీద చెక్కిన పువ్వు రేకు అంచు దగ్గర భూతద్దం పెడతాను. అసలు పనిలో ఇంగిలీకం (ఎర్ర రంగు ఖనిజం) కలిపిన లక్కర్ (lacquer) చెట్టు పాలను డబ్బా మీద పల్చగా పూసి, తేమలో ఆరనిచ్చి, మళ్లీ పూస్తారు. పదుల కొద్దీ పూతలు, ఒక్కోసారి వంద దాటుతాయి. ఆ తర్వాతే కత్తి పడుతుంది. అందుకే కోత పక్కన చాలాసార్లు సన్నని చారలు కనిపిస్తాయి. (మన ఏటికొప్పాక లక్క పురుగుది, ఇది చెట్టుది. రెండూ ఒకటి కాదు.) లోతుల్లో గాలిబుడగలు, పక్కన అతుకు గీత ఉన్నాయా? అది అచ్చులో పోసిన రెజిన్ (ప్లాస్టిక్ లాంటిది). అడుగున మింగ్ చక్రవర్తి యోంగ్లే పేరుతో ఉన్న ముద్ర చూసి నేనూ ఒకసారి మోసపోయాను. ఆ కాలంలో (1403–1424) ముద్రను సూదితో సన్నగా గీకేవారు. నాదేమో లావుగా, పోత పోసినట్టుంది. ఇప్పుడు అందులో గుండీలు వేసుకుంటున్నాను.